వోల్టా నది, మునిగిన ఊళ్లు: ముంపు మండలాల పిల్లలు తెలుసుకోవాల్సిన సంగతులు

పోస్టు కాస్త పెద్దదే, ఓపికగా చదవండి. గ్రూప్స్‌కి జాగ్రఫీ చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తుంది. పోలవరం ముంపు మండలాల పిల్లలకైతే ఇంకా ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నా.

నేను పని మీద రెండేళ్లు ఘనా దేశంలో టేమా అనే రేవు పట్టణంలో ఉన్నాను. సెలవు దొరికినప్పుడల్లా వోల్టా నది వైపు పోయేవాణ్ణి. మాది కూనవరం పక్క, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. నది దగ్గర పుట్టినోళ్లకి ఏ దేశం పోయినా ముందు నదే కనపడుద్ది.

ముందు జాగ్రఫీ చెప్తా. వోల్టా పరీవాహక ప్రాంతం సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. మన గోదావరిది 3.12 లక్షలు. బుర్కినా ఫాసో, ఘనా, టోగో, బెనిన్, మాలి, ఐవరీ కోస్ట్ అనే ఆరు దేశాల్లో ఉంది. ఎక్కువ భాగం మొదటి రెండు దేశాలదే. నల్ల వోల్టా, తెల్ల వోల్టా, ఎర్ర వోల్టా అని పాయలున్నాయి. తూర్పు నుంచి ఓటి నది వస్తుంది. ఉత్తరాన గడ్డి మైదానాలు, ఏడాదికి ఒకటే వానాకాలం. దక్షిణాన అడవి, రెండు సార్లు వానలు. "వోల్టా" అనేది పోర్చుగీసు వాళ్లు పెట్టిన పేరు, మలుపు అని అర్థం. బుర్కినా ఫాసో పాత పేరు అప్పర్ వోల్టా. 1984లో థామస్ శంకరా ఆ పేరు తీసేశాడు. అక్కడ నదులకి కూడా ముహూన్, నకాంబే, నజినాన్ అని సొంత పేర్లున్నాయి. మన వాగులకి, గుట్టలకి మన భాషలో ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు ఉంటుంది కదా, అలాగే.

టేమా నుంచి అకొసొంబోకి ట్రోట్రో ఎక్కాలి. అంటే మన సర్వీసు ఆటోలాంటి వ్యాను. సీట్లు నిండేదాకా కదలదు. అటింపోకు దగ్గర నది మీద 1957లో తెరిచిన అడోమి వంతెన ఉంది. బండి ఆగితే చాలు, ఆడవాళ్లు నెత్తిన పళ్లేలతో వచ్చేస్తారు. మెత్తళ్లంత సన్న చేపలు కరకరలాడేలా వేయించి అమ్ముతారు. వాటిని "వన్ మ్యాన్ తౌజండ్" అంటారు. అక్కడికి కొంచెం పైనే అకొసొంబో డ్యామ్.

1961లో కట్టడం మొదలుపెట్టి 1965కి నీళ్లు నిలిపారు. జలాశయం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు, పొడవు 400 కిలోమీటర్లు. మనుషులు కట్టిన జలాశయాల్లో విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇదొకటి. 700కి పైగా ఊళ్లు మునిగాయి, సుమారు 80 వేల మంది కదిలారు. వాళ్లని 52 కొత్త కాలనీల్లో పెట్టారు. కరెంటులో పెద్ద వాటా చాలా ఏళ్లు టేమాలోని అల్యూమినియం ఫ్యాక్టరీకే పోయింది, అదీ చవక ధరకి.

ఇప్పుడు అసలు సంగతి. పోయే ముందు కంటే ఎవరి బతుకూ తగ్గదని ఆనాటి ప్రభుత్వం మాటిచ్చింది. ఇచ్చిన ఇల్లు ఏంటంటే, ఒక గది పూర్తిగా కట్టి, మిగతా గదులకి పునాది వేసి వదిలేశారు. మిగతాది మీరే కట్టుకోండి అన్నారు. వేరు వేరు జాతుల వాళ్లని, వేరు వేరు ఊళ్ల వాళ్లని ఒకే కాలనీలో కలిపారు. ఇల్లు ఉంది గాని సాగుకి భూమి చాల్లేదు. కొన్నేళ్లకే చాలామంది కాలనీ వదిలి చెరువు ఒడ్డుకి పోయి చేపలు పట్టుకుని బతికారు. పరిహారం తగాదాలు దశాబ్దాల పాటు తేలలేదు.

డ్యామ్ కింద ఉన్నోళ్ల కథ ఇంకోటి. వాళ్ల ఊళ్లు మునగలేదు కాబట్టి ముంపు లెక్కలోకే రాలేదు. కానీ ఏటా వచ్చే వరద ఆగిపోయింది. వరద దిగాక తడి నేలలో వేసే పంటలు పోయాయి. అక్కడి ఆడవాళ్లు నదిలో మునిగి ఆల్చిప్పలు ఏరి అమ్ముకునేవాళ్లు, అదీ పడిపోయింది. నిలవ నీళ్లలో నత్తలు పెరిగి బిల్హార్జియా జబ్బు పాకింది. ఆ వరద రాక అలవాటైపోయాక, 2023లో జలాశయం నిండి గేట్లు ఎత్తితే మెపె లాంటి ఊళ్లు నీళ్లలో ఉన్నాయి, వేల మంది మళ్లీ ఇళ్లు వదిలారు.

అడౌసో దగ్గర ఫెర్రీ ఎక్కి జలాశయం దాటాను. లారీలు, మేకలు, యామ్ దుంపల బస్తాలు, మనుషులు అన్నీ ఒకే దాంట్లో. అడవి కొట్టకుండానే నీళ్లు నింపారు కాబట్టి ఎండిన మానులు ఇంకా నీళ్లలోంచి పైకి కనపడతాయి. కనపడనివే ప్రమాదం. చిన్న పడవలు వాటికి తగిలి బోల్తా పడుతుంటాయి. పక్కన కూర్చున్న పెద్దాయన నీళ్ల మీదకి వేలు చూపించి తన పాత ఊరు ఎటు పక్కనో చెప్పాడు. బడి ఎక్కడ, సంత ఎక్కడ, ఎవరి సమాధులు ఎక్కడ, అన్నీ ఆయనకి గుర్తే. రాసిన కాగితం ఉందా అని అడిగితే లేదన్నాడు.

అందుకే మూడు మాటలు చెప్తున్నా. ఒకటి, పోలవరం ముంపుని 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అని కాంటూరు లెక్కలో విడదీస్తున్నారు. మీ ఊరు ఏ లెక్కలో ఉందో కాగితం మీద చూసుకోండి. గీతకి అవతల ఉన్నంత మాత్రాన నష్టం లేదని కాదు. రెండు, 2013 భూసేకరణ చట్టంలో ఎస్టీలకి ప్రత్యేక హక్కులున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతం బయటికి తరలించినా రిజర్వేషన్, ఇతర ప్రయోజనాలు అక్కడ కూడా కొనసాగాలి. ఆ చట్టం ఒక్కసారైనా చదవండి. మూడు, ఇల్లు ఇచ్చారా అని మాత్రమే అడగొద్దు. భూమి ఎక్కడ, అడవి ఎంత దూరం, ఊరంతా ఒకే చోట ఉంటుందా అని గ్రామసభలో అడగండి, తీర్మానంలో రాయించండి.

ఇంకా ఊళ్లోనే ఉన్నోళ్లు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. తాతలని, అమ్మమ్మలని కూర్చోబెట్టి ఊరి మ్యాపు గీయించండి. వాగులు, దేవర చెట్లు, ఇప్పపూలు ఏరుకునే చోట్లు, పెద్దల సమాధి రాళ్లు, అన్నీ మన భాషలో పేర్లతో. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, ఒకచోట దాచుదాం.