నోటుపుస్తకములో మిగిలిన పాట

మా కోలారు సీమలో తెలుగును మేము బడిలోకంటె భజనలోనే ఎక్కువగా నేర్చుకొంటిమి. కైవార నారాయణ తాతయ్యగారి తత్త్వములు కన్నడమునను తెలుగునను వెలసినవి. బంగారు గనిలో రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, మా లైనులో ఒక పెద్దాయన తంబూర మీటుచు వానిని పాడెడివారు.

మేము గుమాస్తాలము గదా! ఆయన పాడినవన్నియు గుండ్రని అక్షరములతో వ్రాసికొంటిమి. "పాట చేతికెక్కినది నాయనా, గొంతుకెప్పుడెక్కును?" అని ఆయన అడిగినప్పుడెల్ల "రేపు" అంటిమి. 28-2-2001న గనులు మూతపడినవి. ఆయన కొడుకు వెంట ఊరు విడిచిరి, మరల రాలేదు. నేటికిని మా పుస్తకమున మాటలున్నవి, వరుసలు లేవు.

శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లి మునివెంకటప్పగారు తమటె అను తోలువాద్యమున 2023లో పద్మశ్రీ పొందిరి. వారు తాము వాయించుటతో తృప్తిపడక పలువురికి నేర్పిరి. విద్య నిలుచు దారి అదియే.

సంఘమువారికి మా మనవి ఒక్కటే. వృద్ధ కళాకారులకు శాలువ కప్పి పంపివేయక, ఒక్కొక్కరి చెంతకు ఇద్దరేసి పిల్లలను పంపుడు. బస్సు ఖర్చు సంఘమే భరించవలెను. ఆ పట్టికలో మొదటి పేరు మా మనుమరాలిది. రెండవది, అరువదియేండ్లు దాటినను, మాది.