పేరులో మిగిలిపోయిన ‘బాల’

కోహీర్ పేరు చెబితే జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జామపండే. ఆ ఊళ్లో ఓ ఇంట్లో ఏడేళ్ల పాప ఉందనుకోండి. బడి వార్షికోత్సవంలో పాట పాడింది. చప్పట్లు మోగిపోయాయి. ఇక మర్నాటి నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట... ‘గింత మంచిగ పాడుతుంది, బిడ్డను టీవీకి తోల్కపోరాదు!’ అమ్మకి లోలోపల ఆశ. నాన్నకి భయం. చదువేం కావాలి? వారం వారం హైదరాబాద్ ఎవరు తిప్పాలి? పాపకి మాత్రం ఏ గొడవా లేదు. పాడమంటే పాడుతుంది, వద్దంటే ఆడుకోవడానికి పరుగెడుతుంది.

1996లో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక ఇలాంటి చర్చ ఎన్ని తెలుగిళ్లలో జరిగిందో లెక్కలేదు. నిజానికి ఇది టీవీ తెచ్చిన ప్రశ్న కాదు. తెలుగు సినిమాకి మాటలొచ్చిన కొత్తలోనే ఈ ప్రశ్న పుట్టింది. దానికి జవాబు కావాలంటే ఇద్దరు చిన్నారుల కథ వినాలి.

ఆరేళ్లకే గ్రామఫోను

మొదటి చిన్నారి పేరు సరస్వతి. 1928లో వెంకటగిరిలో పుట్టింది. అలత్తూరు సుబ్బయ్య దగ్గర సంగీతం నేర్చుకుంది. ఆరేళ్ల వయసులోనే హెచ్ఎంవీ కంపెనీకి పాడి రికార్డు ఇచ్చింది. పెట్టెలోంచి పాట రావడమే పెద్దవాళ్లకి వింతగా ఉన్న రోజుల్లో, ఆ పెట్టెలోంచి ఓ పసిపిల్ల గొంతు వినబడింది!

1936లో దర్శకుడు సి.పుల్లయ్య ఓ సాహసం చేశారు. ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ కథలు రెండింటినీ కలిపి, పాత్రలన్నీ పిల్లలతోనే వేయించి సినిమా తీశారు. దేవుళ్లూ పిల్లలే, మునులూ పిల్లలే. ఆ రోజుల్లో తెలుగు సినిమా తీయాలంటే చాలాసార్లు కలకత్తా వెళ్లాల్సి వచ్చేది. ఈ పిల్లలంతా అలాగే వెళ్లారు. అందులో గంగ వేషం వేసింది ఎనిమిదేళ్ల సరస్వతి. అనసూయగా నటించిన అమ్మాయి పశ్చిమ గోదావరి జిల్లా పంగిడికి చెందిన పన్నెండేళ్ల కృష్ణవేణి. మన కథలో రెండో చిన్నారి ఆమే.

అప్పట్లో నటించేవాళ్లే పాడాలి. కెమెరా ముందు నిలబడి మాట చెబుతూ, పాటా పాడాలి. అందుకే పాడగల పిల్లలంటే నిర్మాతలకి బంగారం. సరస్వతికి తమిళం నుంచీ పిలుపులొచ్చాయి. ‘బాలయోగిని’ (1937), ‘తిరునీలకంఠర్’ (1939) సినిమాల్లో నటించింది. పేరు ముందు ‘బాల’ చేరి బాలసరస్వతి అయింది.

పన్నెండేళ్ల యువతి

1940లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘ఇల్లాలు’లో ఆమెకి పెద్దపిల్ల పాత్ర దక్కింది. పక్కన సాలూరి రాజేశ్వరరావు. ఆయనా ‘శ్రీకృష్ణ లీలలు’ (1935)లో కృష్ణుడిగా తెర మీదికొచ్చిన బాలనటుడే. ఇద్దరూ కలిసి పాడిన లలిత గీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో లలిత సంగీతానికి బాటవేసిన తొలి గొంతుల్లో ఆమెదొకటి.

ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. ‘ఇల్లాలు’ నాటికి ఆమె వయసు పన్నెండు! ఈ రోజుల్లో అయితే ఆరో తరగతో, ఏడో తరగతో చదువుకునే పిల్ల.

1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో ఆమె తెర మీద కనిపించని పాట ఒకటి పాడింది. తెర మీద పెదవులు కదిపింది కమలా కోట్నీస్, గొంతు బాలసరస్వతిది. స్వరకర్త భీమవరపు నరసింహారావు. తెలుగులో తొలి నేపథ్యగానంగా చెప్పుకునేది ఆ పాటనే.

ఆ మరుసటి ఏడాది కోలంక జమీందారుతో పెళ్లయింది. ఆ తర్వాత నటనకి దూరమైంది. పెళ్లినాటికి ఆమెకి పదహారేళ్లు. బాలనటి, కథానాయిక, తొలి నేపథ్య గాయని... ఒక జీవితానికి సరిపడా అనుభవం వచ్చేసింది. చాలామంది అప్పుడే మొదలుపెడతారు!

పాట మాత్రం వెంటనే వదల్లేదు. ‘స్వప్నసుందరి’ (1950), ‘దేవదాసు’ (1953)లో ఆమె గొంతు వింటే ఇప్పటికీ గుర్తుపట్టేయొచ్చు. మెత్తగా, చెవి దగ్గర చెప్పినట్టు ఉంటుంది. ఆ తర్వాత సినిమాల్లో ఆ గొంతు తగ్గుతూ వచ్చింది.

రెండో చిన్నారి దారి

కృష్ణవేణి పెళ్లీ జమీందారుతోనే, మీర్జాపురం రాజాతో. అయితే ఆయనే సినిమా మనిషి. దాంతో ఆమెకి స్టూడియో తలుపులు మూసుకుపోలేదు. ‘గొల్లభామ’ (1947)లో నటించారు. భర్త దర్శకత్వం వహించిన ‘కీలుగుర్రం’ (1949)లో అంజలీదేవికి పాడారు. అదే ఏడాది ‘మనదేశం’ నిర్మించారు. చిన్న ఇన్‌స్పెక్టర్ వేషంతో ఎన్.టి.రామారావు తెరకి పరిచయమైంది అందులోనే. సంగీతం ఘంటసాల.

ఒకే సినిమాలో వేషాలు వేసిన ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరిదీ మంచి గొంతే, ఇద్దరివీ గొప్పింటి పెళ్లిళ్లే. ఒకరు నిర్మాతయ్యారు. మరొకరు పెళ్లయ్యాక తెరకి దూరమయ్యారు. ఎవరి ప్రతిభ ఎక్కువ అన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఏ తలుపు తెరిచి ఉంచారన్నదే తేడా.

చట్టం చెప్పేదీ అదే

పిల్లల సంపాదన విషయంలో ప్రపంచం ఆలస్యంగానే మేల్కొంది. చాప్లిన్ ‘ది కిడ్’ (1921)లో నటించిన జాకీ కూగన్ పెద్దయ్యాక చూసుకుంటే తన సొమ్ములో మిగిలింది కొంచెమే. కన్నతల్లి మీదే కోర్టుకెళ్లాడు. ఆ గొడవతో 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటులతో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరిట డిపాజిట్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. బిడ్డకి ఇష్టం లేకుండా చేయించకూడదు.

కృష్ణవేణి 2025 ఫిబ్రవరిలో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరులో 97 ఏళ్ల వయసులో బాలసరస్వతి కూడా హైదరాబాద్‌లో వెళ్లిపోయారు. తొమ్మిది పదులు దాటిన ముత్తవ్వ వయసులోనూ అందరూ ఆమెని పిలిచింది ‘బాల’ సరస్వతి అనే. పేరులో బాల్యం అలా మిగిలిపోయింది. అసలు బాల్యం మాత్రం రికార్డులకీ, రైళ్లకీ, షూటింగులకీ ఖర్చయిపోయింది.

కోహీర్ జామతోటల్లో ఏ కాయని ఎప్పుడు కోయాలో రైతుకి తెలుసు. తొందరపడితే వగరు. మరి పాప సంగతి? పోటీకి తీసుకెళ్లాలా వద్దా అని పెద్దలు రాత్రంతా మాట్లాడుకోవచ్చు. కానీ తెల్లారాక పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఓ మాట అడగాలి... ‘నీకు పాడాలనుందా బిడ్డా?’

ఆ జవాబు వినే ఓపికుంటే చాలు. పాట ఎక్కడికీ పోదు.