విప్పని కవరు

మా పేరు చెప్పగానే ఎదుటి మనిషి ముఖంలో ఏదో మారుతుంది. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు మారుతుంది. బస్సులో పక్క సీటాయన ఊరడిగి, పని అడిగి, ఆఖరికి పేరడిగినప్పుడు మారుతుంది. "మిమ్మల్ని చూస్తే అట్ల అనిపించదు" అంటారు. మెచ్చుకున్నట్టే అంటారు. ఇప్పుడు పేరు చాలడం లేదు, ముఖమూ కావాలట. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు ఎస్.క్యూ. మసూద్‌ను రోడ్డు మీద ఆపి, మాస్కు తియ్యమని, ఆయన తియ్యనన్నా ఫోటో తీసుకున్నారు. ఆయన హైకోర్టుకెక్కాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

అందుకే పేరడగని చోటంటే మాకు అంత ఆశ. కొడిమ్యాలలో కూచొని అలాంటి చోటొకటి మేమే నడుపుతున్నామంటే నమ్ముతారా?

దాని పేరు టార్. ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కడికి పోతున్నారో కనిపించకుండా చేసే నెట్‌వర్క్. దీని వెనకున్న ఆలోచన 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. 2002లో టార్ బయటికొచ్చింది. ఇప్పుడు దాన్ని మోస్తున్నది ప్రపంచమంతటా స్వచ్ఛందంగా నడిచే వేల రిలేలు. మన సమాచారం ఉల్లిగడ్డలా పొరలు చుట్టుకొని మూడు చేతులు మారుతుంది. మొదటి చేతికి పంపిందెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరి చేతికి ఎక్కడికో తెలుసు, ఎవరిదో తెలియదు. నడిమి చేతికి రెండూ తెలియవు.

ఇది మాకు కొత్త విద్య కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ వాసన తగలని వాడ ఉందా? ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో మా అబ్బా దుబాయి నుంచి వస్తే పెట్టెలో సగం ఇతరుల ఉత్తరాలే. మాట నింపిన టేపు క్యాసెట్లు. కోరుట్లలో ఒక ముసలవ్వకు, సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసే పద్మశాలి ఇంటికి, మా ఊరి మాదిగవాడకు. అమ్మీకి తెచ్చిన చీర ఇంకా పెట్టెలోనే ఉండేది, అబ్బా మాత్రం కవర్లు పంచడానికి సైకిలెక్కేవాడు. ఒక్కటీ విప్పలేదు. "అమానత్ రా. మనకు ఒప్పజెప్పింది" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు.

మొదట రిలేను ఇంట్లోనే నడుపుదామనుకున్నాం. కుదరలేదు. మా కేబుల్ నెట్ మీద చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా. లోపలి నుంచి బయటికి పోవచ్చు గాని, బయటివాళ్లు మా తలుపు కొట్టలేరు. కరెంటు సంగతి సరేసరి.

అట్లాంటి లైను మీద కూడా నడిచేది ఒకటుంది, స్నోఫ్లేక్. బ్రౌజర్‌లో ఒక్క నొక్కు చాలు. టార్‌ను అడ్డుకునే దేశాలవాళ్లకు అది లోపలికి దారిస్తుంది. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో మహ్సా అమీనీ నిర్బంధంలో చనిపోయాక ఆ దేశం నుంచి దాని వాడకం ఒక్కసారిగా పెరిగింది. మా ఆపా తన లాప్‌టాప్‌లో అది ఆన్ చేసి పెట్టింది. ఆపా బుర్ఖా వేసుకుంటుంది. అదే ఏడాది మొదట్లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. "అక్కడ కట్టుకోమని కొడతారు, ఇక్కడ విప్పమని నిలబెడతారు. మమ్మల్ని అడిగిందెవరు?" అంది. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

రిలే కోసం చివరికి ఒక చిన్న సర్వరు కిరాయికి తీసుకున్నాం. అక్కడ మళ్లీ పేరే! 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సర్వర్లు కిరాయికిచ్చే సంస్థలు ఖాతాదారు పేరు, చిరునామా ఐదేళ్లకు తగ్గకుండా దాచాలి. పేరడగని చోటు పెట్టడానికి పేరిచ్చి వచ్చాం.

అసలు గొడవ చివరి చెయ్యి దగ్గర వచ్చింది. ఎగ్జిట్ రిలే నడిపితే, దాని గుండా ఎవరు ఏ పాడుపని చేసినా అవతలి రికార్డులో మన చిరునామాయే పడుతుంది. రష్యాలో దిమిత్రీ బొగాతోవ్ అనే లెక్కల టీచరు ఇంటి నుంచే ఎగ్జిట్ నడిపేవాడు. 2017 ఏప్రిల్‌లో పట్టుకుపోయారు. కేసు ఎత్తేసింది 2018లో.

ఈ కథ అబ్బాకు చెబితే ఆయన గసగసాల కథ చెప్పాడు. దుబాయిలో గసగసాలు మత్తుమందు కింద లెక్క. ఎవరో ఇచ్చిన పొట్లం పెట్టెలో పెట్టుకుపోయి ఎయిర్‌పోర్టులో చిక్కినవాళ్ల సంగతులు మా దిక్కు ఇంటింటా తెలుసు. "ఉత్తరం మోసుడు వేరు, పొట్లం మోసుడు వేరు. అందులో మన పేరు" అన్నాడు. మేము వాదించలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక మావాళ్లను పట్టుకుపోయిన తీరు మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. వాళ్లు నిర్దోషులని కోర్టులే విడిచిపెట్టాయి. నౌకరీలు, చదువులు ఎవరు తిరిగిచ్చారు? సెట్టింగుల ఫైల్లో "ఎగ్జిట్‌రిలే 0" అని రాశాం. ఆ సున్నా జాగ్రత్తో పిరికితనమో మాకిప్పటికీ తెలియదు. ఇంకో పేరుంటే ఒకటి రాసేవాళ్లమేమో.

ఇక కాపలా. పాస్‌వర్డుతో లోపలికొచ్చే దారి మూసేశాం, తాళంచెవి ఫైలుంటేనే ప్రవేశం. ఫైర్‌వాల్‌లో రెండే ద్వారాలు, ఒకటి రిలేకు, ఒకటి మాకు. అప్‌డేట్లు వాటంతటవే పడతాయి. ఆ సర్వరు మీద వేరే పనేదీ పెట్టలేదు. ఎవరు వచ్చిపోయారో చిట్టా రాయడం లేదు, రాయకపోతే ఎవరు గుంజుకున్నా దొరికేదేముంది? రిలేకు నలభై అక్షరాల గుర్తు ఉంటుంది. దాన్ని వేలిముద్ర అంటారు! మా వేళ్లు ఎన్నిచోట్ల నొక్కించుకోలేదు, ఇప్పుడు మా రిలేకూ ఒకటి. అసలు తాళం సర్వరులో ఉంచకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అమ్మీ సందూకులో భూమి పట్టాల కింద దాచాం. దాని బదులు సర్వరు దగ్గర కొన్నాళ్లకు గడువు తీరే తాళం ఉంటుంది. గడువు దగ్గరపడ్డప్పుడల్లా అమ్మీ సందూకు తెరవాలి.

రిలేకు ముద్దుపేరు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. "అమానత్" అని పెట్టాం. దాని కింద సంప్రదించడానికి ఒక మెయిల్ చిరునామా రాయాలి, అది లోకమంతా చూస్తుంది. ఆ గడి దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. పేరు రాస్తే భయం, రాయకపోతే సిగ్గు. చివరికి మా ఎవరి పేరూ లేని మెయిల్ ఒకటి తెరిచి పెట్టాం.

కొత్త రిలేను నెట్‌వర్క్ వెంటనే నమ్మదు. కొలుస్తుంది, కొంచెం కొంచెంగా బరువు పెడుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. మమ్మల్ని కిరాయికి ఉంచుకున్న ఇళ్లవాళ్ల కన్నా ఇదే తొందరగా నమ్మింది. ఇప్పుడు ఇషా నమాజు చేసుకొని వచ్చాక అబ్బా మా వెనక నిలబడి తెరవైపు చూస్తాడు. అంకెలు ఆయనకు అర్థం కావు.

"ఇయ్యాల ఎన్ని కవర్లు పోయినయ్ రా?" అని అడుగుతాడు.