ముడుచుకొన్న పగడము

పగడమనగానే మన స్త్రీలకు మెడలోని ఎఱ్ఱపూస జ్ఞాపకము వచ్చును. యోబు గ్రంథము 28వ అధ్యాయములో జ్ఞానముయొక్క వెల లెక్కింపబడుచున్నది. బంగారము, ముత్యము, పగడము వరుసగా తేబడి, ఇవేవియు దానికి సాటిరావని త్రోసివేయబడుచున్నవి. అయితే ఆ పూస మొదట రాయి కాదనియు, ఆవగింజలవంటి ప్రాణులు అనేకములు గుంపుగా కూడి తమ మధ్య కట్టుకొన్న ఎముకవంటిదనియు మనలో ఎందరెరుగుదురు? అందులో ఒక్కొక్క ప్రాణికి నోటిచుట్టు ఎనిమిది చిన్న చేతులుండును.

దాని జ్ఞాతులైన మెత్తని పగడములు మా యింట ఒక గాజుతొట్టిలో నున్నవి. ధర్మవరము ఏ సముద్రమునకైనను 200 కిలోమీటర్లకు మించిన దూరముననున్న మెట్టసీమ. పట్టుచీరలు నేయు ఈ ఊరిలో సముద్రపు ప్రాణి ఎట్లు బ్రదుకునని చూడవచ్చినవారు అడుగుచుందురు. బెంగుళూరులో పనిచేయు మా అబ్బాయి దానిని తెచ్చెను. అది సముద్రమునుండి పెరికినది కాదు. మరియొక తొట్టిలో పెరిగినదాని కొమ్మను కోసి రాతికంటించి పెంచినది. సముద్రములో దిబ్బలను కట్టు రాతిపగడములకు 2001వ సంవత్సరమునుండి మన దేశపు వన్యప్రాణి చట్టము గొప్ప రక్షణ నిచ్చుచున్నది. దేవుడు నాటినదానిని మన ముచ్చటకై పెరుకకుండుట న్యాయమే.

ఆ ప్రాణికి మొదట కావలసినది తగిన నీరు. మా సీమ బోరునీటిలో అనేకచోట్ల ఫ్లోరైడు హెచ్చు, అది పనికిరాదు. ఆర్వో ప్లాంటు నీటిలో, సముద్రజలమునకు సరిపడు లవణముల మిశ్రమమును లీటరుకు సుమారు 35 గ్రాములు కలుపవలెను. వంటింటి ఉప్పు చాలదు. సముద్రములో కాల్షియము, మెగ్నీషియము మొదలగునవియు ఉన్నవిగదా. తొట్టి నింపిన దినముననే పగడమును దింపరాదు. మలినమును హరించు సూక్ష్మజీవులు రాళ్లపై నెలకొనుటకు నెల, నెలన్నర పట్టును. వేడిమి 24 మొదలు 27 డిగ్రీలలో నిలుపవలెను. మా ఎండలు 40 డిగ్రీలకు ఎక్కును గనుక వేసవిలో నీటిపై ఫ్యాను తిప్పుదుము. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడచు గాలిపంపు పెట్టుదుము. రాగి ఏమాత్రమును తగులనీయరాదు. మనకు మంచిదనిపించు రాగిబిందె నీరు ఆ ప్రాణికి విషము.

ఇందులో ఒక సంగతి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. పొడిగాలికి తొట్టిలోని నీరు దినదినము తరుగును. తరిగినది ఉప్పునీరే గనుక మరల ఉప్పునీరే పోయవలెనని ఎవరికైనను తోచును. అయితే నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. అది తొట్టిలోనే నిలిచియుండును. కాబట్టి తరిగినచోట మంచినీరే పోయవలెను. ఉప్పుమీద ఉప్పు చేరినయెడల ప్రాణి ముడుచుకొని క్రమముగా నశించును. మన మాటలు ఉప్పువలన రుచిగలవై యుండవలెనని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. ఉప్పు వలదని ఎవరందురు? అయినను కష్టముల వేడికి ఒకని బ్రదుకులో నీరు తరిగినప్పుడు, వానిలో ఉప్పు ముందే హెచ్చియున్నది. అప్పుడు వానికి కావలసినది గద్దింపు కాదు, చన్నీళ్ల గిన్నె.

ఈ పగడముల మాంసములో కంటికి కానరాని పాచి కాపురముండును. అది వెలుగును పట్టి ఆహారము చేసి ప్రాణికి పెట్టును. ప్రాణి దానికి చోటిచ్చును. వేడిమి మితిమీరినప్పుడు ఆ పాచి వెడలిపోవును, పగడము తెల్లబారును. 1998లోను, 2016లోను సముద్రము కాగినప్పుడు లక్షద్వీపములలోను, మన్నారు సింధుశాఖలోను పగడములు విస్తారముగా తెల్లబారెను. అయితే తెల్లబారినదెల్ల చచ్చినది కాదు. వేడి త్వరగా తగ్గినయెడల పాచి తిరిగివచ్చును, రంగు తిరిగివచ్చును. చచ్చినదని పారవేయువాడు ప్రాణమున్నదానినే పారవేయుచున్నాడు.

మా సంఘములో ఒక నేతపని సహోదరుడుండెను. అప్పుచేసి పట్టు కొనెను, చీరలకు ధర రాలేదు, మగ్గము ఆగెను. ఆయన ఆరాధనకు వచ్చుట మానెను. ఏడు నెలలైన పిమ్మట పెద్దల కూటములో, ఆయన పేరు పట్టీనుండి కొట్టివేయుదమని ఒకరనిరి. అప్పులకు తాళలేక ప్రాణములు తీసికొన్న నేతగాండ్రను ఈ ఊరు ఎరుగును. కావున ఆ మాట విని నేను వణికితిని.

అప్పుడు నేనంటిని: “అన్నా, మా తొట్టిలో పగడము ముడుచుకొన్నప్పుడు దాని చేతులను వ్రేళ్లతో లాగి తెరువలేము. తాకినకొలది మరింత ముడుచుకొనును. నీటినే పరీక్షింతుము. మన నీరు ఎట్లున్నదో చూతమా?”

కొంతసేపు ఎవరును పలుకలేదు. పిమ్మట మా పాదిరిగారు మెల్లగా, “నెలనెలా చందా బాకీదారుల పేర్లు ఆరాధనలో చదువుచున్నాము గదా,” అనిరి. ఆ నెలనుండి ఆ పట్టీ చదువుట మానిరి. ఇద్దరు పెద్దలు ఆయన యింటికి పోయి, బాకీ మాట ఎత్తక, మగ్గము ప్రక్కన కూర్చుండి, పిల్లల చదువును గూర్చి మాటలాడి వచ్చిరి. అటుతరువాత వారము వారము వెళ్లిరి. మూడవసారి ఆయనే తన అప్పు సంగతి చెప్పుకొని యేడ్చెనట. ఐదవ ఆదివారమున ఆయన వచ్చి తలుపు దగ్గర కూర్చుండెను. పాట పాడలేదు. ఎందుకు పాడలేదని ఎవరును అడుగలేదు. అప్పు ఇంకను తీరలేదు. అయినను మగ్గము మరల ఆడుచున్నది.

ప్రియ చదువరులారా, పోగు తెగినప్పుడు నేతగాడు మగ్గమును కొట్టడు. వంగి పోగును అతుకును. నలిగిన రెల్లును విరువని ప్రభువు మన కాపరి. మీ సంఘములో తలుపు దగ్గరనైనను కూర్చుండక ఇంటనే ముడుచుకొన్న వారెవరైన ఉన్నారా? ఈ వారము వారి యింటికి వెళ్లుడి. బోధించుటకు తొందరపడకుడి. చల్లని మాట ఒకటి చెప్పి, కొంతసేపు కూర్చుండి రండి. తెరుచుట దేవుని పని. నీటిని మంచిదిగా ఉంచుట ఆయన మనకప్పగించిన పని.