మన్యువు క్రోధమయ్యే చోటు

మానవుడు ఆయుధం ఎందుకు ధరిస్తాడన్న ప్రశ్నకు లోకం రెండు సులభమైన సమాధానాలు చెబుతుంది. ఒకటి దారిద్ర్యం, రెండవది దుష్టస్వభావం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అర్ధశతాబ్ది చరిత్రను నిష్పక్షపాతంగా పరిశీలించే జిజ్ఞాసువుకు ఈ రెండూ చాలవని బోధపడుతుంది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపు జరిపారు. దానికి జైత్రయాత్ర అని పేరు వచ్చింది. వారు కోరినది వెట్టి రద్దు, న్యాయమైన కూలి, సాగుకు బంజరు భూమి. ఆ సంవత్సరమే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటింపబడ్డాయి. గిరిజనుల భూమి అన్యులకు సంక్రమించరాదని 1970 నాటి చట్టం శాసించినా ఆదిలాబాద్ గోండుల పొలాలు చేజారుతూనే వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంతనాడు సభకై తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్యే 13.

అయితే ఉద్యమానికి నాయకులైన వారెవరు? బీర్పూరుకు చెందిన ముప్పాళ్ల లక్ష్మణరావు ఉపాధ్యాయుడు. పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు పట్టభద్రుడు, స్వాతంత్ర్య సమరయోధుని పుత్రుడు. వీరిని అడవికి నడిపినది స్వీయక్షుధ కాదు. పరుని అవమానాన్ని చూచి సహింపలేకపోవడం. ప్రభుత్వం ఉగ్రవాదులన్న వారిని పల్లెలు 'అన్నలు' అని పిలవడంలోని అంతరార్థమిదే.

అన్యాయాన్ని చూచి పుట్టే ఈ తీవ్రతను వేదం మన్యువు అంటుంది. శ్రీరుద్రం ఆరంభంలోనే రుద్రుని మన్యువుకు నమస్కారం ఉన్నది. కనుక మూలం అధర్మం కాదు. మరి పతనం ఎక్కడ?

అశ్వత్థామ చరితం దీనికి సమాధానం. అస్త్రసన్యాసం చేసి కూర్చున్న తండ్రి వధింపబడ్డాడు. అతని ఆక్రోశం సత్యం. ఆ రాత్రి అతడు రుద్రుని అర్చించి ఖడ్గాన్ని కూడా పొందాడు. కానీ ఆ ఖడ్గానికి బలి అయినవారిలో ఏ పాపమూ ఎరుగక నిద్రిస్తున్న ద్రౌపదీపుత్రులున్నారు. ఎదుటివాడు మనిషిగా కనబడడం మాని శత్రుపక్షమనే నామంగా మాత్రమే మిగిలిన క్షణాన మన్యువు క్రోధమవుతుంది. దుఃఖం సత్యమైనంత మాత్రాన కృత్యం ధర్మం కాజాలదు.

ఉత్తర తెలంగాణలో జరిగినదీ అదే. 1999 ఏప్రిల్ 13న మాజీ సభాపతి, మంథని నాయకుడు దుద్దిళ్ల శ్రీపాదరావు నక్సలైట్ల చేతిలో హతులయ్యారు. ఎవరి కొరకై ఆయుధం పట్టారో ఆ నిరుపేదలలోనే కొందరు ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో ప్రాణాలు కోల్పోయారు. మరొకవైపు, ఎదురుకాల్పులుగా లెక్కకెక్కిన ప్రతి మరణమూ మరొక యువకుని హృదయంలో అగ్ని రగిల్చింది. కోటేశ్వరరావు 2011లో వంగదేశపు అడవిలో మరణించాడు. ఆయన సోదరుడు వేణుగోపాల్ 2025లో గడ్చిరోలిలో ఆయుధం విడిచాడు. ఒకే ఇంటి బిడ్డలు. ఒకరికి అవకాశం దక్కలేదు, మరొకరికి దశాబ్దాల తరువాత దక్కింది.

ఇందులో పాలకులకూ పాఠం ఉన్నది. మొర ఆలకించే చెవి రాజధర్మంలో ప్రథమాంగం. జగిత్యాల కోరికలు, ఇంద్రవెల్లి వేదన సకాలంలో విన్నవారుంటే ఎందరో తల్లులకు గర్భశోకం తప్పేది. యువకుల ఆగ్రహాన్ని అణచమని బోధించడం కూడా ధర్మం కాదు. అన్యాయం ఎదుట చలించని హృదయం శాంతమైనది కాదు, జడమైనది.

సాధకుడు స్మరింపవలసినది ఒక్కటే. శ్రీరుద్రం మన్యువుకు నమస్కరించి అక్కడితో ఆగదు. ధనుస్సుకు అల్లెత్రాడు సడలించి, బాణాల మొనలు మొద్దుబారజేసి, శివుడవై ప్రసన్నుడవు కమ్మని అదే అనువాకంలో ప్రార్థిస్తుంది. అశ్వత్థామ ఖడ్గాన్ని అందుకున్నాడు గాని ఈ ప్రార్థన చేయలేదు.

స్వస్తి.