తౌడు వాసన వేసే కంప్యూటర్

రండి, ఇట్లా మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఈసారి చలి గట్టిగానే ఉంది. పోయిన కార్తీకంలో మా ఇంటికి వచ్చిన పాత కంప్యూటర్ సంగతి మీకు చెప్పాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా.

మా కట్టంగూర్ తెలుసు కదా. హైదరాబాద్ నుంచి విజయవాడ పోతుంటే నార్కట్‌పల్లి దాటినాక, నకిరేకల్ రాకముందు. ఇప్పుడు 65 నంబరు రాస్తున్నారు గానీ, మా నోళ్లకు అది ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. ఆ దారిలో మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. రేకులు, మోటార్లు, కాంటా అన్నీ కిలోల లెక్కన అమ్ముతున్నారని విని చూడబోయాను. ఆఫీసు గదిలో ఖాళీ గోనె సంచుల కింద వెడల్పాటి ఇనుప పెట్టె కనిపించింది. ముందువైపు ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ పట్టే సందు, దాని పక్కన గుండ్రటి తాళం. 286 పీసీ-ఏటీ! తాళంచెవి ఎక్కడో పోయింది. మిల్లు సేటు కొడుకు ఇనుము ధరకే తీసుకుపొమ్మన్నాడు.

ఇనుప డబ్బా కోసం ఇంత సంబరమా అంటారేమో. మన దగ్గర కంప్యూటర్ ఎక్కడిదాకా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టింది 1967లో. రెండేళ్లకు, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. అవన్నీ పరిశోధన సంస్థలకు, పెద్ద కార్యాలయాలకు పోయే యంత్రాలు. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిపోయింది. మళ్లీ అదే ఐబీఎం 1984 ఆగస్టులో అమెరికాలో పీసీ-ఏటీ విడుదల చేస్తే, ఆ నవంబరులోనే ఇక్కడ కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది. విడిభాగాల దిగుమతి సులువై, ఏటీ నమూనా మీద మన కంపెనీలు కూడా మిషన్లు బిగించడం మొదలుపెట్టాయి. అట్లా వచ్చినదే ఒకటి మా ఊరి వడ్ల మిల్లు దాకా నడిచొచ్చింది. చిట్టా, ఆవర్జా తప్ప మరోటి ఎరగని గదిలో కూర్చుంది. నాకది చిన్న విషయం కాదు.

ఇట్లాంటి పిచ్చి నా ఒక్కడిదే కాదు కూడా. 2019లో ఇద్దరు బ్రిటన్ వాళ్లు, జర్మనీలోని నురెంబర్గ్‌లో ఒక పాడుబడ్డ భవనంలో మిగిలిపోయిన ఐబీఎం 360 మోడల్ 20ని వేలంలో కొని, తమ దేశానికి తెచ్చుకున్నారు. వాళ్లది గది నిండే యంత్రం, నాది ఆటోలో పట్టేది.

ఆటో అంటే గుర్తొచ్చింది. లోపల సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్‌డిస్క్ ఉంటుందని అంచనా వేశాను. 20 మెగాబైట్లది, ఆ రోజుల్లో బాగా నడిచిన డిస్క్. కరెంటు తీసేస్తే దాని తలలు వాటంతటవి పక్కకు తప్పుకోవు. పళ్లెం మీద ఎక్కడున్నవి అక్కడే కూర్చుంటాయి. కుదుపు తగిలితే లెక్కలున్న చోటే గీత పడుతుంది. అందుకని మా అమ్మ కుట్టిన బొంత మడిచి ఒళ్లో వేసుకుని, దాని మీద పెట్టె పెట్టుకుని ఇంటిదాకా వచ్చాను.

మూత విప్పగానే తౌడు వాసన. ముప్పై ఏళ్ల కింది తౌడు మదర్‌బోర్డు మీద మెత్తటి దుప్పటిలా పరుచుకుని ఉంది. కుంచెతో నిదానంగా ఊడిస్తే కీబోర్డు తీగ తగిలే మూలలో పచ్చటి చిలుము బయటపడింది. అక్కడే ఉంటుంది ఈ మిషన్ల ప్రాణమూ, గండమూ. వేలెడంత నికెల్-కాడ్మియం బ్యాటరీ, 3.6 వోల్టులది. ఏళ్లు గడిచాక అది కారుతుంది. కారేది క్షారం, రాగి గీతల్ని తినేస్తుంది. ముందు బ్యాటరీని కత్తిరించి తీసేశాను. క్షారాన్ని చంపడానికి పులుపు కావాలి. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్నవాళ్లం, పులుపుకు కొదవా! సగం చెక్క పిండి, పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్దుతుంటే సన్నగా నురగ వచ్చింది. ఆ తర్వాత స్పిరిట్‌తో కడిగి రెండు రోజులు నీడన ఆరబెట్టాను. ఒక గీత పూర్తిగా తెగిపోయింది, దానికి వెంట్రుకంత తీగ అతికించాను. ముందువైపు తాళం అనుకున్నంత మొండిది కాదు. దాని వెనక నుంచి రెండు సన్న తీగలు బోర్డుకు పోతాయి, అంతే. తాళం వేస్తే అవి కలిసి కీబోర్డు మూగబోతుంది. తీగలు పీకేస్తే తాళం తీసినట్టే.

రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బల్బు తెలుసుగా? నేరుగా కరెంటు ఇవ్వకుండా నడుమ వంద వాట్ల బల్బు పెడతారు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలిగి చెప్పేస్తుంది. నాది ఒక్కసారి మెరిసి మసకబారింది. బల్బు తీసి నేరుగా ఇచ్చాను. ఫ్యాను తిరిగింది, తెర మీద పచ్చటి అక్షరాలు. తేదీ 1980 జనవరి 1, మంగళవారం! బ్యాటరీ లేక అది తన పుట్టుకకు ముందటి రోజుకు పోయింది. హార్డ్‌డిస్క్ ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది. ఆ గుర్తులన్నీ ఉండేది 64 బైట్ల సీమాస్ జ్ఞాపకంలో. కరెంటు ఆగితే తుడిచిపెట్టుకుపోతుంది. నాలుగు పెన్సిల్ సెల్లుల డబ్బా తగిలించి, డిస్క్ రకం 2 అని చెప్పాను. అంటే 615 సిలిండర్లు, నాలుగు తలలు. కిర్ర్‌మని లోపల తలలు కదిలిన చప్పుడు విన్నప్పుడు, అబద్ధమెందుకు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వచ్చింది అసలు తాళం. మిల్లు లెక్కల ప్రోగ్రాం తెరుచుకుని, పాస్‌వర్డ్ అని అడిగి ఆగింది.

దాన్ని దాటడం నాకు కష్టం కాదు. డీబేస్ త్రీ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాం మామూలు అక్షరాల ఫైలే. టైప్ అని కమాండ్ ఇస్తే పాస్‌వర్డుతో సహా అంతా తెర మీద పారుతుంది. చేయి కీబోర్డు దాకా పోయింది కూడా. కానీ లోపలున్నవి ఆటలు కాదు, ఊళ్ల అప్పులు. ఎవరు ఎంత చేబదులు తీసుకున్నారు, ఎవరి బస్తాకు ఎంత తరుగు తీశారు అన్నవి. పెట్టె నేను కొన్నాను, ఆ లెక్కలు కొనలేదు.

ఆ మిల్లులో గుమాస్తాగా చేసిన కాక ఇంకా ఉన్నాడు. పోయి అడిగాను.

“గది ఇంక నడుస్తుందా బిడ్డా?” అన్నాడు, నమ్మలేక.

“నడుస్తుంది కాకా. పాస్‌వర్డ్ అడుగుతుంది.”

చాలాసేపు మాట్లాడలేదు. “సేటు సరే అంటెనే చెప్త. అండ్ల ఊరోళ్ల లెక్కలున్నయ్. ఆయన నమ్మి నా చేతికిచ్చిండు” అన్నాడు. మిల్లు మూతపడి ఇన్నేళ్లయినా ఆయన ఉద్యోగం మానలేదనిపించింది. సేటుకు ఒంట్లో బాగుండటం లేదు. ఇద్దరం పోయి కలిస్తే, మంచం మీద నుంచే తలూపాడు. లెక్కలు ఎవరికీ చూపొద్దని ఒక్క మాట అడిగాడు, సరేనన్నాను.

మర్నాడు కాక తెల్ల చొక్కా వేసుకుని మా ఇంటికొచ్చాడు. నన్ను అటు చూడమని, ఒక వేలితో ఏడో ఎనిమిదో అక్షరాలు కొట్టాడు. జాబితా తెరుచుకుంది. ఏదీ ముట్టకుండా ముందు అంతా ఫ్లాపీ మీదికి నకలు తీశాను. ఆ తర్వాత ఆయన కుర్చీ ముందుకు లాక్కుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అయిటిపాముల, ఈదులూరు, కట్టంగూర్. “ఈయన లేడు... ఈయన కొడుకు హైదరాబాద్ల ఉన్నడు... ఈమె మా వదిన వరుస.” కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మళ్లీ పెట్టుకుంటూ.

ఒకచోట ఆగిపోయాడు. ఈదులూరు రైతు ఖాతా. బాకీ గడిలో అంకె ముందు మైనస్ గుర్తు ఉంది.

“ఇది ఆయన మనకు ఇయ్యాల్సింది కాదు బిడ్డా. మనమే ఆయనకు ఇయ్యాలె. వడ్లు పోసి పోయిండు, ఆ ఏడే భివండీ పోయిండు. మల్ల రాలే. నేను యాది మర్సిన.”

ప్రింటర్ రిబ్బన్ ఎప్పుడో ఎండిపోయింది. కాగితం అడిగి, పేరు, ఊరు, 340 రూపాయలు అని తన చేత్తోనే రాసుకున్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఈదులూరుకు ఇప్పుడు బస్సు ఎన్నింటికని అడిగాడు.