రాజవ్వల ఊళ్ళో రెండక్షరాల పేర్లు

నేను బోయినపల్లి మండలంలో టీచరుగా చేరింది 1980ల్లో. అప్పటి హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు సగానికి సగం ‘అవ్వ’తోనే ముగిసేవి. రాజవ్వ, లచ్చవ్వ, ఎల్లవ్వ, పోశవ్వ, నర్సవ్వ, కొమురవ్వ, అంజవ్వ. కోరుట్లలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి ఆ పేర్లు నాకు కొత్త కావు. అయితే పొద్దున్నే ఒక్కొక్కటి పిలుస్తుంటే, పిల్ల పుట్టకముందు తల్లి ఏ గుడి మెట్లెక్కిందో వినబడేది. రాజవ్వ అంటే వేములవాడ రాజన్నకు కోడె మొక్కినవాళ్ళ బిడ్డ. అంజవ్వ కొండగట్టు అంజన్న ఇచ్చిన పిల్ల. నర్సవ్వది ధర్మపురి నరసింహస్వామి, కొమురవ్వది కొమురవెల్లి మల్లన్న. ఎల్లవ్వకూ పోశవ్వకూ అంత దూరం పోనక్కరలేదు, ఆ తల్లులు ఊరి పొలిమేరలోనే ఉన్నారు. గంగవ్వ అంటే గోదారి.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా జిల్లాకే ‘రాజన్న సిరిసిల్ల’ అని పేరు పెట్టారు. మన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరుకు శ్రీ రాజరాజేశ్వర జలాశయం అని పెట్టారు. మా వాడలో ఏ ఇంటి ముందు నిలబడి ‘రాజవ్వా’ అని పిలిచినా ఎవరో ఒకరు పలికే ఊరికి ఆ పేర్లు అతికినట్టే సరిపోయాయి.

బడికి వచ్చే పిల్లలందరికీ పేరు స్థిరంగా ఉండేది కాదు. “పేరేంది?” అని అడిగితే “పెద్దపొల్ల”, “నడిపిపొల్ల”, “చిట్టి” అని చెప్పేవాళ్ళు. తండ్రి తల గోక్కుని “మీరే ఏదన్న మంచిది రాయుండ్రి మేడం” అనేవాడు. నేను మాత్రం ఇంట్లో ముసలమ్మ ఎలా పిలుస్తుందో కనుక్కుని గానీ రాయలేదు. బీడీలు చుట్టుకుంటూ గడపలో కూర్చునే ఆ అవ్వల దగ్గరే పిల్ల పుట్టుక కథ మొత్తం ఉండేది. ఏ వారం పుట్టింది, కాన్పు ఎంత కష్టమైంది, ముందు ఎందరు పోయారు.

పెంటవ్వ కథ అలాగే తెలిసింది. పిల్ల చురుకైనది, లెక్కల్లో ముందుండేది. తోటిపిల్లలు పేరును పట్టుకుని ఏడిపించేవాళ్ళు. ఏడో తరగతికి వచ్చాక ఒకరోజు అందరూ వెళ్ళేదాకా ఆగి, “పేరు మార్చుండ్రి మేడం, బోర్డు పరీక్షకు ఇదే పేరు పోతది” అంది. మర్నాడు తల్లిని పిలిపించాను. ఆమె మొదట ఒప్పుకోలేదు. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఈ పిల్ల పుట్టగానే చాటలో పండబెట్టి పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి, పక్కింటామె చేత మళ్ళీ ఎత్తించుకున్నారు. పనికిరానిదని పారేసిన పిల్లను మృత్యువు కూడా వదిలేస్తుందని నమ్మకం. “ఆ పేరే దాన్ని బతికిచ్చింది మేడం. తీసేస్తె ఎట్ల?” అని ఆ తల్లి కళ్ళొత్తుకుంది.

ఈ ఆచారం మా ఒక్క మండలానిది కాదు. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అనే పేర్లు తెలుగు నేలంతటా ఇలా పుట్టినవే. బతుకమ్మ కథలోనూ ఉన్నది ఇదే. పుట్టిన బిడ్డలంతా పోయాక కలిగిన ఆడపిల్లను ‘బతుకమ్మా’ అని దీవించారని మా అవ్వలు చెప్పేవాళ్ళు. వినడానికి మొరటుగా ఉన్నా ఆ పేర్ల నిండా ఉన్నది ప్రేమ. మహారాష్ట్రలో ఆడపిల్ల అక్కరలేదనుకున్న కొన్ని ఇళ్ళలో ‘నకుసా’ అని పెట్టేవాళ్ళు. వద్దనుకున్నది అని దానర్థం. 2011లో సతారా జిల్లాలో అలాంటి 200 మందికి పైగా ఆడపిల్లలకు ఒకే సభలో కొత్త పేర్లు పెట్టారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా పెంటవ్వ తల్లి గుర్తుకొచ్చింది. నకుసా పేరుకూ పెంటవ్వ పేరుకూ ఎంత దూరమో ఆమె కన్నీళ్ళు చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు.

చివరికి ఆ పిల్లే దారి చూపింది. “ఇంట్ల నువ్వు పెంటవ్వ అనే పిలువమ్మా, బడిల జయ అని రాయమను” అంది. జయ, రెండే అక్షరాలు. ఆ పేరే ఎందుకని అడిగితే, “రాయడానికి అలకగ ఉంటది, గెలుపు అని మీరే చెప్పిన్రు గద” అంది. ఇప్పుడామె జగిత్యాలలో నర్సు. తల్లి ఉన్నంతకాలం పెంటవ్వ అనే పిలిచింది, ఆమె పలికింది.

1990ల్లో ఒక్కసారిగా అవ్వలు మాయమయ్యారు. ఏ ఊరి రిజిస్టర్ తీసినా స్వప్న, రజిత, మమత, లావణ్య, సరిత. ఒక తరగతిలో ముగ్గురు స్వప్నలుంటే ఇంటిపేర్లతో పిలవాల్సి వచ్చేది. 2000 దాటాక మౌనిక, శ్రావణి, అఖిల. అన్నీ మూడేసి అక్షరాలు. ఆ తరవాత పేర్లు చిన్నబడుతూ వచ్చాయి. ఆద్య, దియా, ఇషా, ఇరా, సిరి. అంగన్‌వాడీలో పని చేసే మా ఆడబిడ్డ ఈ మధ్య తన పిల్లల పేర్లు చదువుతుంటే, అన్నీ గుక్క తిప్పుకోకుండా అయిపోయాయి.

చిన్న పేరు కొత్త సరుకేమీ కాదు. ఉమ, రమ, సీత, ఉష మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి. సీత అంటే నాగటి చాలు. మా ఊళ్ళో దున్నే ప్రతి చేనులోనూ ఆ పేరు ఉంది. ఉష ఋగ్వేదంలో స్తుతులందుకున్న వేకువ. తపస్సుకు పోవద్దని తల్లి ‘ఉ, మా’ అని వారించడం వల్ల పార్వతికి ఉమ అనే పేరు వచ్చిందని కాళిదాసు కుమారసంభవంలో చెప్పాడు. ఇరా సంస్కృతంలో భూమికీ నీటికీ వాక్కుకూ చెల్లే పాత మాట. శ్రీ అనే మాటే అరిగి నునుపెక్కి మన నోట్లో సిరి అయింది. మా బడికి వచ్చిన ముస్లిం పిల్లల్లో నూర్ ఉండేది, అరబ్బీలో వెలుగు అని దానర్థం. ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో ఉండి, ఆకారంతో ముగియాలని పారస్కర గృహ్యసూత్రం చెప్పింది. సులువుగా పలికేలా, అర్థం స్పష్టంగా ఉండాలని మనుస్మృతి అంది. అదే మనుస్మృతి నది పేరున్న పిల్లను పెళ్ళాడవద్దని ఇంకోచోట చెప్పింది. ఆ మాట ఈ నేల మీద చెల్లలేదు. మా వేములవాడ పక్కనున్న హనుమాజీపేటలో 1931లో పుట్టి జ్ఞానపీఠం దాకా వెళ్ళిన సి. నారాయణరెడ్డిగారు తన నలుగురు కూతుళ్ళకూ గంగ, యమున, సరస్వతి, కృష్ణవేణి అని నదుల పేర్లే పెట్టుకున్నారు. ఆ సంగతి నేను పాఠం చెప్పిన ప్రతి తరగతికీ చెప్పాను.

ఈ మధ్య మా అన్న మనవరాలి పురుడుకు వెళ్ళాను. ఇరవయ్యొకటో రోజు తొట్లె వేస్తున్నారు. పిల్లది హస్తా నక్షత్రం. అయ్యగారు ‘పూ, ష, ణ, ఠ’ అక్షరాలు చెప్పి, వీటిలో ఏదైనా మొదట రావాలన్నారు. ణతోనూ ఠతోనూ ఆడపిల్లకు ఏం పేరు పెడతారు? తండ్రి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారం రోజులుగా ఫోనులో వెతికి ‘షనాయా’ అని తేల్చుకుని వచ్చాడు. అర్థం అడిగితే ఫోను తెరిచి చదివాడు. ఒకచోట తొలి సూర్యకిరణం, ఇంకోచోట మహోన్నతం అని ఉంది. ఏ భాష అని అడిగితే రెండుచోట్లా సంస్కృతమనే ఉంది. నాకు తెలిసిన సంస్కృతంలో ఆ మాట లేదు. ఫోను అన్ని పేర్లకూ ఇలాగే సంస్కృతం అంటగడుతుంది. మైరా అనే పేరు ఇంగ్లండులో ఫుల్క్ గ్రెవిల్ అనే కవి నాలుగు వందల ఏళ్ళ కింద తన కవితల కోసం కల్పించుకున్నది. కియారాకు మూలమని చెప్పే మాట ఇటలీది, తేట అని అర్థం. ఆ పేర్లు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఎక్కడిదో తెలిసి పెట్టుకోవాలి.

మా వదిన, అంటే పిల్ల ముత్తవ్వ, ఆ పేరును పలకడానికి మూడుసార్లు ప్రయత్నించింది. “సెనగలా బిడ్డా?” అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు. “నా నోట్లకు రాని పేరు పెడితె నేనెట్ల పిలవాలె దాన్ని? నేను పిలువొద్దా?” అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర పిల్ల చెవిలో పేరు చెప్పేది మేనత్త. ఆ అమ్మాయి ఎంబీఏ చదివింది, చెల్లుబాటయ్యే మనిషి. అన్నను పక్కకు తీసుకుపోయి ‘పూ’ ఉంది కదా అంది. పూజ, పూర్వి, పూర్ణ. చివరికి తొట్లె మీదికి వంగి పూర్ణ అని మూడుసార్లు పిలిచింది. నిండైనది అని అర్థం చెప్పారు. వదిన ఒక్కసారికే తేలిగ్గా అనేసింది. షనాయాకు అర్థం ఇచ్చింది ఫోను. పూర్ణకు అర్థం చెప్పడానికి ఆ ఇంట్లోనే నలుగురున్నారు. నేను ఇన్నేళ్ళు చూసిన పేర్లలో నిలిచినవన్నీ ఇలా ఇంట్లో నలుగురి నోట పడినవే.

పేరు అవ్వ నోట ఒకలా, కాగితంలో ఇంకోలా ఉంటే ఎంత నష్టమో కూడా చూశాను. మిడ్ మానేరులో కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్ళు మునిగేటప్పుడు ముంపు పరిహారం కోసం జాబితాలు రాశారు. ఒకే మనిషి ఓటరు కార్డులో లక్ష్మి, పాసుబుక్కులో లచ్చవ్వ, ఆధార్‌లో లక్ష్మవ్వ. ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోమన్నారు ఒక ఆఫీసులో. చదువురాని ముసలమ్మలు కాగితాల సంచి పట్టుకుని నా ఇంటికి వచ్చేవాళ్ళు, అర్జీలు రాసిపెట్టేదాన్ని. “నేను ఒక్కదాన్నే బిడ్డా, గీ ముగ్గురెవ్వలు?” అని ఒకామె అడిగిన గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమెకు ఇల్లు పోయింది, చేను పోయింది, పేరు కూడా సాక్షులతో తెచ్చుకోవాల్సి వచ్చింది. పునరావాస కాలనీలో ఆమె మనవరాళ్ళ కాగితాలన్నీ నేనే దగ్గరుండి పేరు అన్నిచోట్లా ఒకేలా రాయించాను.

అప్పటినుంచి ఆడపిల్ల పుట్టిన ఏ ఇంటికి పోయినా రెండు మాటలు చెప్పి వస్తున్నాను. చిన్న పేరు పెట్టండి, మంచిదే, ఇంకొంచెం పొట్టిదైనా ఫరవాలేదు. కానీ రాసే ముందు ఇంట్లో పెద్దదిక్కు చేత ఒకసారి పిలిపించండి. ఆమె నోట పలికితే, ఆ పేరు ఎక్కడిదో మీరు పిల్లకు చెప్పగలిగితే, చాలు. రెండోది, పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించండి. అప్పటికి పేరు తేలకపోతే ఖాళీగా ఉంచవచ్చు, ఏడాదిలోపు పేరు ఎక్కించడానికి రుసుము లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ, ఆధార్‌కూ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అందులో అక్షరం అక్షరం మీరే చదివి, సరిగా ఉంటేనే తీసుకోండి.